ఓడిన యుద్ధం ఎవరి పద్దులో?

1964 మే 27. ఇక్కడ ఢిల్లీలో నెహ్రూ కన్నుమూసిన రోజు. అదే రోజు వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఫోన్ పట్టుకుని వియత్నాం గురించి తన మనుషుల దగ్గర గోడు వెళ్లబోసుకుంటున్నాడు. ఆ సంభాషణలు టేపుల్లో ఉన్నాయి, దశాబ్దాల తర్వాత బయటికొచ్చాయి. వియత్నాం కోసం పోరాడటం దండగ అనిపిస్తోందని, అలాగని బయటపడే దారీ తోచడం లేదని జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో అన్నాడు. తన ఇంట్లో పనిచేసే ఒక సార్జెంట్ సంగతి ఎత్తాడు. ఆరుగురు పిల్లల తండ్రి. అలాంటివాణ్ని అంత దూరం పంపి మనం బావుకునేదేమిటి అని అడిగాడు. సెనేటర్ రిచర్డ్ రసెల్‌తో మాట్లాడుతూ ఇంకో ప్రశ్న వేశాడు: యుద్ధం వదిలేసి వచ్చిన అధ్యక్షుణ్ని అభిశంసించి దింపేయరూ? జనం దేన్నైనా క్షమిస్తారు గానీ చేతగానితనాన్ని క్షమించరని టెక్సస్ మిత్రుడొకడు తనతో అన్నాడని కూడా చెప్పుకున్నాడు.

అప్పటికి వియత్నాంలో ఉన్న అమెరికా సైనికులు దాదాపు 16 వేల మంది, అదీ సలహాదారుల హోదాలో. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య 5 లక్షలు దాటింది. పంపినవాడు ఇదే జాన్సన్.

యుద్ధం ఎలా ఆగుతుందని అడిగితే మామూలుగా చెప్పే జవాబులు రెండు. ఒకరు గెలవాలి, లేదా ఇద్దరూ అలిసిపోవాలి. రెండూ తప్పు కాదు. కానీ ఈ యుద్ధం గెలవలేమని నాయకుడికి తెలిసిపోయిన రోజుకూ, ఒప్పందం మీద సంతకం పడిన రోజుకూ మధ్య ఏళ్లకేళ్లు గడిచిపోతుంటాయి. వియత్నాంలో ఆ తేడా ఎనిమిదేళ్లు దాటింది. ఆ మధ్యకాలాన్ని నడిపేది ఎక్కువగా ఇంటి రాజకీయమే. దేశానికి యుద్ధం వల్ల ఎంత నష్టం అన్నది ఒక లెక్క. యుద్ధం ఆపితే నా కుర్చీకి, నా పార్టీకి, ఒక్కోసారి నా మెడకు ఎంత నష్టం అన్నది ఇంకో లెక్క. మొదటి లెక్కలో ఖర్చు చెల్లించేది ఆరుగురు పిల్లల సార్జెంట్. రెండో లెక్కలో చెల్లించాల్సింది తనే. ఏ నాయకుడైనా రెండో లెక్క తేలేదాకా మొదటిది మూయడు.

జాన్సన్ భయం ఊరికే పుట్టింది కాదు. 1949లో చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్లినప్పుడు ‘చైనాను పోగొట్టింది ఎవరు?’ అంటూ రిపబ్లికన్లు ట్రూమన్‌ని, డెమొక్రాట్లని ఏళ్ల తరబడి కాల్చుకు తిన్నారు. చైనా అమెరికా సొత్తా, పోగొట్టుకోవడానికి? ఆ మాట ఎవరూ అడగలేదు. అదంతా సెనేట్‌లో కూర్చుని కళ్లారా చూసినవాడు జాన్సన్. 1964 నవంబరులో ఎన్నిక. దానికి ముందూ వెనకా పౌరహక్కులు, వృద్ధులకు వైద్య బీమా వంటి పెద్ద చట్టాలు కాంగ్రెస్‌లో నెగ్గించుకోవాలి. వియత్నాం పోతే ప్రతిపక్షానికి కర్ర అందించినట్టే. అందుకే ఓడిపోకుండా ఉండటానికి ఎంత కావాలో అంత సైన్యం పంపుతూ వెళ్లాడు. గెలవడానికి సరిపోదని తెలిసీ పంపాడు.

టమాటాలు తిన్న ప్రధాని

ఇంతకంటే విడ్డూరం ఫ్రాన్స్‌లో జరిగింది. ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం 1954 నవంబరులో మొదలైంది. 1956 జనవరి ఎన్నికల్లో సోషలిస్టు నాయకుడు గీ మొలే, ఇది తెలివితక్కువ యుద్ధమని, దీనికి అంతు లేదని ప్రచారం చేశాడు. ప్రధాని అయ్యాడు. ఫిబ్రవరి 6న అల్జీరియా రాజధాని అల్జీర్స్ వెళ్లాడు. అక్కడ స్థిరపడ్డ యూరోపియన్లు దాదాపు 10 లక్షల మంది. వాళ్ల గుంపు ప్రధాని మీద టమాటాలు విసిరింది. శాంతి కోసం అల్జీరియా పాలన చూడమని మొలే ఎంచుకున్న జనరల్ కట్రూ ఆ రోజే తప్పుకోవాల్సి వచ్చింది. ఆయన స్థానంలో గట్టిగా అణచగలడనుకున్న రోబేర్ లకోస్త్‌ని వేశారు. మార్చిలో పార్లమెంటు ప్రత్యేక అధికారాలు ఇచ్చింది. ఆ ఏడాది చివరికి అల్జీరియాలో ఫ్రెంచి సైనికులు దాదాపు 4 లక్షలు. నిర్బంధ సైనిక సేవ కింద పోయిన కుర్రాళ్లే అందులో ఎక్కువ.

శాంతి పేరు చెప్పి గెలిచినవాడు యుద్ధాన్ని పెంచాడు. మొలేని పిరికివాడనడం తేలిక. కానీ ఆయన కాళ్ల కింద నేల ఏదీ? అప్పటి ఫ్రాన్స్ పాలనా వ్యవస్థ అయిన నాలుగో రిపబ్లిక్‌లో 12 ఏళ్లలో 20కి పైగా ప్రభుత్వాలు పడిపోయాయి. అల్జీరియా వదులుకుందామని ప్రధాని నోరు తెరిస్తే పార్లమెంటు మర్నాడే దింపేయగలదు. సైన్యం మాట వింటుందన్న నమ్మకమూ లేదు. 1954లో ఇండోచైనా నుంచి ఓడి వచ్చిన అధికారులు, రాజకీయ నాయకులే మమ్మల్ని ఓడించారన్న కసితో ఉన్నారు.

1958 మే 13న ఆ కసి బద్దలైంది. అల్జీర్స్‌లో వలసదారులు, సైన్యం కలిసి తిరగబడ్డారు. అల్జీరియాను ఫ్రాన్స్‌లోనే ఉంచగల మనిషి అని రెండో ప్రపంచ యుద్ధ వీరుడు జనరల్ చార్లెస్ డిగాల్‌ని గద్దెనెక్కించారు. జూన్ 4న ఆయన అల్జీర్స్ బాల్కనీలో నిలబడి ‘మీ మాట నాకు అర్థమైంది’ అన్నాడు. జనం ఊగిపోయారు. ఏం అర్థమైందో మాత్రం చెప్పలేదు.

తర్వాత ఆయన చేసిన పనుల వరస చూడాలి. ముందు రాజ్యాంగం మార్చి, పార్లమెంటు తేలిగ్గా దింపలేని అధ్యక్ష పదవి తయారుచేసుకున్నాడు. 1959 సెప్టెంబరు 16న అల్జీరియన్ల భవిష్యత్తు అల్జీరియన్లే తేల్చుకోవాలని మొదటిసారి బయటపడ్డాడు. 1961 జనవరిలో దాని మీద రెఫరెండం పెట్టి దాదాపు 75 శాతం ఓట్లు మూటగట్టుకున్నాడు. ఏప్రిల్‌లో నలుగురు జనరళ్లు అల్జీర్స్‌లో తిరుగుబాటు చేశారు. డిగాల్ పాత సైనిక యూనిఫాం తొడుక్కుని టీవీలో, రేడియోలో మాట్లాడాడు. శిబిరాల్లోని కుర్రసైనికులు ఆ ప్రసంగాన్ని ట్రాన్సిస్టర్లలో విన్నారు, పై అధికారుల మాట వినడం మానేశారు. నాలుగైదు రోజుల్లో తిరుగుబాటు చప్పగా చల్లారింది. 1962 మార్చి 18న అల్జీరియా పోరాటవాదులతో ఎవియాన్ ఒప్పందం. ఏప్రిల్‌లో మరో రెఫరెండం, ఈసారి 90 శాతం పైగా మద్దతు. ఆగస్టు 22న పారిస్ శివార్లలోని పెటీ క్లమార్‌లో ఆయన కారు మీద తూటాల వర్షం కురిసింది. మోసపోయామనుకున్నవాళ్ల పని అది. ఆయనకు గీత కూడా పడలేదు.

కరడుగట్టిన జాతీయవాదికే సంధి సాధ్యం అని ఇలాంటి కథల నుంచి ఒక సూత్రం లాగుతుంటారు. అందులో నిజం ఉంది. మెత్తని మనిషి ఒప్పందం తెస్తే లొంగిపోయాడంటారు, గట్టివాడు తెస్తే ఇంతకంటే మార్గం లేదు కాబోలు అనుకుంటారు. ఇజ్రాయెల్ ప్రధాని మెనాకెమ్ బెగిన్ సినాయిని ఈజిప్టుకు తిరిగివ్వగలిగింది కూడా అందుకే. అయితే 1978 సెప్టెంబరులో ఇజ్రాయెల్ పార్లమెంటులో ఆ ఒప్పందం 84-19 తేడాతో నెగ్గిందంటే ప్రతిపక్ష లేబర్ పార్టీ ఓట్లే ఆదుకున్నాయి. బెగిన్ సొంతవాళ్లే చాలామంది వ్యతిరేకించారు, లేదా ఊరకున్నారు. గట్టివాడికి ప్లస్ పాయింటు ఏమిటంటే అటువైపు నుంచి అరిచేవాళ్లు ఉండరు. మెత్తనివాడికి ఆ సుఖం లేదు. ఇక అవతలి పక్షాన సంతకం చేసిన ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ని 1981 అక్టోబరులో సొంత సైనికులే కాల్చి చంపారు.

డిగాల్‌ని మరీ ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. ఇల్లు చక్కబెట్టుకోవడానికి ఆయనకు నాలుగేళ్లు పట్టింది, ఆ నాలుగేళ్లూ అల్జీరియాలో శవాలు లేస్తూనే ఉన్నాయి.

ఎలాగూ పోయేదే

ఓడిపోతున్న నాయకుడు ఉన్నంతలో రాజీ పడకుండా పంతం ఎందుకు పెంచుతాడు? పేకాటలో జేబు ఖాళీ అయినవాడు లేవకుండా అప్పు తెచ్చి ఇంకో ఆట అడగడం మనం చూసిందే. వాడికి వెయ్యి పోయినా లక్ష పోయినా ఇంట్లో జరిగే మర్యాద ఒకటే. అలాంటప్పుడు లేచి పోవడంకంటే ఇంకో ముక్క లాగడమే వాడికి లాభం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పాలకులది అచ్చంగా ఈ పరిస్థితి.

1917 నాటికి ఆకలి, సమ్మెలు. జులై 19న జర్మనీ పార్లమెంటు ఆక్రమణలు లేని శాంతి కావాలని తీర్మానం చేసింది. దాని వెనకున్న ముఖ్యుడు కాథలిక్ పార్టీ నాయకుడు మాథియాస్ ఎర్జ్‌బర్గర్. సైన్యాన్ని నడుపుతున్న హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్ దాన్ని పక్కన పడేశారు. ఇన్ని లక్షల మందిని చంపుకుని ఉత్త చేతులతో ఇంటికొస్తే కార్మికులకు ఓటు హక్కుల విషయంలో తలొగ్గాలి, లేదా విప్లవమే రావచ్చు. చిన్న ఓటమైనా, పెద్ద ఓటమైనా పాత వ్యవస్థ పోవడం ఖాయం. పెద్ద గెలుపు ఒక్కటే దాన్ని కాపాడగలదు. 1918 వసంతంలో ఉన్నదంతా ఒడ్డి పశ్చిమ రంగంలో దాడి చేశారు. విఫలమైంది.

అప్పుడు లూడెన్‌డార్ఫ్ వేసిన ఎత్తు చూడండి. ఇలాంటి ఎత్తులు వేసినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఇంత బాహాటంగా వేసినవాడు అరుదు. సెప్టెంబరు 29న చక్రవర్తికి యుద్ధవిరమణ వెంటనే కావాలని చెప్పాడు. దాంతోపాటే పార్లమెంటరీ పార్టీలను ప్రభుత్వంలోకి తీసుకోమన్నాడు. ప్రజాస్వామ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. రెండు రోజుల తర్వాత తన అధికారులతో ఆయన అన్న మాట ఒకరి డైరీలో దొరికింది: ఈ గంజి కాచింది వాళ్లే, తాగేదీ వాళ్లే కావాలి. నవంబరు 11న కాంపియేన్ అడవిలో రైలు పెట్టెలో సంతకం పెట్టిన జర్మన్ బృందానికి పెద్ద సైన్యాధిపతి కాదు, ఎర్జ్‌బర్గర్. మూడేళ్లు తిరగకముందే, 1921 ఆగస్టులో, దేశద్రోహి అంటూ ఆయన్ని కాల్చి చంపారు. ఓడించినవాళ్లు ‘వెన్నుపోటు’ అని ప్రచారం చేసుకుని పెద్దమనుషులుగా మిగిలారు. హిండెన్‌బర్గ్ 1925లో దేశాధ్యక్షుడయ్యాడు కూడా.

అంటే సంతకం ఎవరు పెడతారన్నది ప్రోటోకాల్ సంగతి కాదు. నష్టం ఎవరి ఖాతాలో రాయాలన్నది అక్కడే తేలిపోతుంది. దీనికి తలకిందుల ఉదాహరణ ఇరాన్. ఇరాక్‌తో యుద్ధంలో పోయిన ఖొర్రంషహర్ నగరాన్ని 1982 మేలో తిరిగి పట్టుకున్నాక యుద్ధం ఆపేసే వీలుంది. ఆపలేదు, మరో ఆరేళ్లు సాగింది. 1988 జులైలో భద్రతా మండలి తీర్మానానికి ఒప్పుకున్నప్పుడు, ఇది విషం తాగడం కంటే కష్టమని ఇరాన్ అధినేత ఖొమేనీ బహిరంగంగానే చెప్పాడు. తాగాడు కూడా. ఆయన్ని దింపగలిగినవాడు ఇరాన్‌లో ఎవడూ లేడు కాబట్టి తాగగలిగాడు. కుర్చీ భద్రంగా ఉన్నవాడు మింగగలిగిన విషాన్ని కుర్చీ ఊగుతున్నవాడు మింగలేడు.

ఎన్నికల క్యాలెండర్

మళ్లీ వియత్నాంకి వద్దాం. ఈ విషయంలో కాగితాలు, టేపులు ఇంత దొరికిన యుద్ధం ఇంకోటి లేదు.

1968 జనవరి చివర్లో వియత్నాం కమ్యూనిస్టుల టెట్ పండుగ దాడులు. మార్చి 12న, డెమొక్రాట్లు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో జాన్సన్‌కి 49 శాతం, యుద్ధాన్ని వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీకి 42 శాతం వచ్చాయి. సిట్టింగ్ అధ్యక్షుడికి అది ఓటమితో సమానం. మార్చి 31న జాన్సన్ టీవీలోకి వచ్చి ఉత్తర వియత్నాం మీద బాంబుదాడులు చాలావరకు ఆపుతున్నానని, మళ్లీ పోటీ చేయనని ఒకే ప్రసంగంలో చెప్పాడు. ఆ రెండూ పక్కపక్కన రావడం చూడండి. పోటీ మానుకున్నాకే శాంతి మాట ఎత్తడానికి చేతులు ఖాళీ అయ్యాయి.

అక్టోబరు 31న, పోలింగ్‌కు ఐదు రోజుల ముందు, బాంబులు పూర్తిగా ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. చర్చలు ముందుకు కదిలితే డెమొక్రాటిక్ అభ్యర్థి హంఫ్రీకి లాభం. రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ శిబిరం ఊరుకోలేదు. అన్నా షెనాల్ట్ అనే పలుకుబడి గల మహిళ ద్వారా దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌కి కబురు వెళ్లింది: తొందరపడొద్దు, మా ప్రభుత్వం వస్తే మీకు మేలు. ఆ చర్చల్లో పుల్ల పెట్టే మార్గాలు వెతకమని నిక్సన్ చెప్పినట్టు ఆయన సహాయకుడు హాల్డెమన్ రాసుకున్న నోట్సు తర్వాత బయటపడింది. నవంబరు 2న దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థీయూ పారిస్ చర్చలకు రానన్నాడు. 5న నిక్సన్ గెలిచాడు. తేడా 5 లక్షల పైచిలుకు ఓట్లు, శాతంలో చెప్పాలంటే ఒకటి కూడా కాదు. ఈ కబురు అందకపోయినా థీయూ వచ్చేవాడు కాదని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనా బలంగానే ఉంది. ఆ చర్చల్లో అతని కుర్చీకీ ముప్పు ఉంది మరి. నాకు ముఖ్యంగా కనిపించేది వేరు. జాన్సన్‌కి నిఘా వర్గాల ద్వారా ఈ గూడుపుఠాణీ తెలుసు. ప్రైవేటుగా దేశద్రోహం అన్నాడు. బయటపెట్టలేదు.

నిక్సన్ వచ్చాక లెక్క ఇంకా నున్నగా తయారైంది. యుద్ధం మీద కోపం యుద్ధం వల్ల పుట్టడం లేదు, ఇళ్ల నుంచి పిల్లల్ని పట్టుకుపోవడం వల్ల పుడుతోందని ఆయన పసిగట్టాడు. 1969 ఏప్రిల్‌లో 5 లక్షల 43 వేలుగా ఉన్న సైన్యాన్ని విడతలు విడతలుగా తగ్గిస్తూ వచ్చాడు. అదే సమయంలో బాంబులు పెంచాడు, కంబోడియాలోకి వెళ్లాడు. 1970 డిసెంబరు 21న హాల్డెమన్ డైరీలో ఒక ముక్క ఉంది. 1971లోనే బయటికొచ్చేస్తే, 1972లో అక్కడ గొడవలు మొదలైతే ఎన్నికల్లో మనకు తగులుతుందని నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ అభిప్రాయం. అందుకని చివరి ఉపసంహరణ 1972 ఎన్నిక దాటాక పెట్టుకోవాలి. 1972 ఆగస్టు 3న ఓవల్ ఆఫీసు టేపులో అదే కిసింజర్, ఒకటి రెండేళ్లు నిలబడే ఏర్పాటు ఏదైనా చేస్తే చాలు, ఆ తర్వాత వియత్నాం ఎవరికీ పట్టదని చెబుతాడు.

అక్టోబరు 26న ‘శాంతి చేతికందింది’ అని కిసింజర్ ప్రకటన. నవంబరు 7న నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. డిసెంబరులో ఉత్తర వియత్నాం రాజధాని హనోయి మీద భీకరంగా బాంబులు కురిపించి, 1973 జనవరి 27న సంతకాలు చేశారు. అక్టోబరు ముసాయిదాకూ జనవరి ఒప్పందానికీ పెద్ద తేడా లేదు. వియత్నాంలో చనిపోయిన 58 వేల మంది అమెరికన్లలో 20 వేల మందికి పైగా నిక్సన్ హయాంలో పోయినవాళ్లే. వియత్నామీయులు ఎన్ని లక్షలో. చెప్పొచ్చేదేమిటంటే, నిక్సన్ ఓడిపోకుండా ఉండటానికి పోరాడలేదు, ఓటమి తన టర్ములో పడకుండా ఉండటానికి పోరాడాడు. సైగాన్ 1975 ఏప్రిల్ 30న పడింది. అప్పటికి వాటర్‌గేట్ కుంభకోణం దెబ్బకు ఆయన పదవిలోనే లేడు.

అవతలి పక్షం కూడా గుడ్డిగా ఉండదు. హనోయి అమెరికా ఎన్నికల క్యాలెండర్‌ని అమెరికా ఓటర్లకంటే శ్రద్ధగా చదివింది, పెద్ద దాడులు 1968, 1972 ఎన్నికల సంవత్సరాల్లోనే పడ్డాయి. అలాగే ఎదుటివాడి ఇంట్లో మార్పు వచ్చినా యుద్ధం ఆగవచ్చు. కొరియాలో సంధి చర్చలు 1951 జులైలో మొదలై, ఎక్కువగా ఖైదీల అప్పగింత దగ్గరే రెండేళ్లు నలిగాయి. ట్రూమన్ జనాదరణ అడుగంటింది. యుద్ధం మొదలుపెట్టిన మచ్చ లేని ఐసెన్‌హోవర్ కొరియా వెళ్తానని చెప్పి 1952లో గెలిచాడు. 1953 మార్చి 5న స్టాలిన్ చనిపోయాడు. రెండు వారాలకే మాస్కోలో కొత్త నాయకత్వం యుద్ధం ముగిద్దామని తీర్మానించింది. జులై 27న కాల్పులు ఆగాయి. సరిహద్దు రేఖ రెండేళ్ల కిందట చర్చలు మొదలైనప్పుడు ఎక్కడుందో ఇంచుమించు అక్కడే ఉంది. మారింది కుర్చీల్లో మనుషులు.

ఇప్పటి వార్తలకూ ఈ కన్ను పెట్టి చూడొచ్చు. 2025 జనవరిలో గాజాలో కాల్పుల విరమణ మొదలవగానే తీవ్ర జాతీయవాది బెన్‌గ్విర్ పార్టీ నెతన్యాహు ప్రభుత్వం నుంచి తప్పుకుంది. మార్చి 18న దాడులు మళ్లీ మొదలయ్యాక తిరిగొచ్చి చేరింది. నెలాఖరులోగా బడ్జెట్ పాస్ కాకపోతే ఎన్నికలు తప్పని పరిస్థితిలో వారం తిరిగేసరికి బడ్జెట్ గట్టెక్కింది. హమాస్ బందీలను వదలనందుకే దాడులు అని ప్రభుత్వం చెప్పింది. ఆ కారణం అబద్ధమనక్కర్లేదు. అలాంటి కారణం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఏ వారంలో అది పనికొస్తుందన్నదే రాజకీయం.

మనవాళ్ల సంగతి

మనకూ ఇలాంటి కథ ఒకటుంది. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం చేసుకున్నారు. శాంతి పరిరక్షక దళం పేరుతో మన సైన్యం శ్రీలంక వెళ్లింది. అక్టోబరు కల్లా ఎవరి ఆయుధాలు దించడానికి వెళ్లిందో ఆ తమిళ టైగర్లతోనే యుద్ధంలో దిగింది.

1989 మొదట్లో ప్రేమదాస లంక అధ్యక్షుడయ్యాడు. దక్షిణాన సింహళ అతివాద పార్టీ జేవీపీ తిరుగుబాటు ఆయన మెడ మీద కత్తి. ఆ తిరుగుబాటుకు పెట్టుబడి భారత సైన్యం మీద సింహళీయుల కోపం. జూన్ 1న ఆయన బహిరంగంగానే, జులై 29 కల్లా ఆఖరి సైనికుడితో సహా వెళ్లిపోవాలన్నాడు. ఇటు రాజీవ్‌కి ఏడాది చివర ఎన్నికలు, నెత్తి మీద బోఫోర్స్. చిన్న పొరుగు దేశం తేదీ పెట్టి గెంటేస్తే బయటికొచ్చామన్న మాట ఆయనకు కుదరదు. ఒకే తేదీ అక్కడ ఒకరి ప్రాణం నిలబెట్టాలి, ఇక్కడ ఒకరి పరువు తీయకూడదు. అప్పటి విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావుకు పట్టిన టెన్షన్ అంతా దీని చుట్టూనే. ఆ జులై 29న పేరుకు కొద్దిమందిని ఓడెక్కించారు. సెప్టెంబరు 18న, డిసెంబరు 31 కల్లా ఉపసంహరణ ముగించడానికి ప్రయత్నిస్తామన్న ఒప్పందం కుదిరింది. అంటే ఎన్నికల తర్వాత.

నవంబరు ఎన్నికల్లో కాంగ్రెస్ అధికారం పోగొట్టుకుంది. నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం వచ్చింది. ఆ ఫ్రంట్‌కి ఛైర్మన్ ఎన్టీఆర్. ఢిల్లీలో తన ఫ్రంట్ గద్దెనెక్కిన ఆ ఎన్నికల్లోనే ఆయన హైదరాబాద్‌లో గద్దె దిగారు, అది వేరే కథ. వి.పి. సింగ్‌కి లంకలో పోయే పరువేమీ లేదు, అది రాజీవ్ పెట్టిన కుంపటి. పైగా ఫ్రంట్‌లో డీఎంకే ఉంది. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ వదిలింది. దాదాపు 1,200 మంది సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మద్రాసు రేవులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల్ని చంపిన సైన్యానికి తాను దండ వేయలేనన్నది ఆయన లెక్క.

ఈ లెక్కలన్నింటిలో ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. యుద్ధంలో మనల్ని నమ్మి మన పక్షాన నిలబడ్డ స్థానికులది. వాళ్లకు మన ఎన్నికల్లో ఓటు లేదు. అల్జీరియాలో ఫ్రెంచి సైన్యంతో పనిచేసిన హర్కీలను అధికారులు సొంతంగా ఓడల్లో తెచ్చేయొద్దని 1962లో పారిస్ నుంచి ఆదేశాలు వెళ్లాయి. వాళ్లలో వేలమంది ఊచకోతకు గురయ్యారు. 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం దగ్గర ఏం జరిగిందో మనం టీవీల్లో చూశాం. బైడెన్ జనాదరణ ఆ నెలలోనే పడి, మళ్లీ కోలుకోలేదు. అయినా ఉపసంహరణ తప్పని అమెరికా జనంలో ఎక్కువమంది అనలేదు, దాన్ని చేసిన తీరునే తప్పుపట్టారు.

లంకలో ఆ ఖాళీ గడి ఈపీఆర్‌ఎల్‌ఎఫ్‌ది. మన సైన్యం అండతో ఉత్తర, తూర్పు రాష్ట్రంలో అధికారంలో కూర్చున్న తమిళ పార్టీ అది. ‘తమిళ జాతీయ సైన్యం’ పేరుతో ఊళ్లలో కుర్రాళ్లను బలవంతంగా పోగేసి, చేతికి తుపాకులిచ్చారు. మన దళాలు ఒక్కో జిల్లా ఖాళీ చేస్తుంటే టైగర్లు వెనకాలే వచ్చి ఆ కుర్రాళ్లను తుడిచిపెట్టారు. ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ మార్చిలోనే భారత్‌కి వచ్చేశాడు. పార్టీ నాయకుడు పద్మనాభ మద్రాసు కోడంబాక్కంలో తలదాచుకుంటే, జూన్ 19న టైగర్లు అక్కడికే వచ్చి, సహచరులతో సహా కాల్చి చంపి వెళ్లిపోయారు. సైన్యం తిరిగొచ్చి మూడు నెలలు కాలేదు. మద్రాసు నడిబొడ్డున జరిగిన ఆ హత్యలు తమిళనాడు ప్రభుత్వం మెడకు చుట్టుకున్నాయి. 1991 జనవరి 30న, టైగర్లకు అడ్డూ ఆపూ లేకుండా చేశారన్న ఆరోపణ మీద చంద్రశేఖర్ ప్రభుత్వం కరుణానిధి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది. చంద్రశేఖర్‌ని బయటి నుంచి నిలబెడుతున్నది అప్పుడు రాజీవ్ కాంగ్రెస్సే.